గోడమీది పటాలు ఎందుకు మారాయి? అరబ్ రాజరికాల పాలన తీరుపై తరచుగా అడిగే ప్రశ్నలు

గల్ఫ్‌లో పని చేసొచ్చినవాళ్లకి ఇది బాగా తెలిసిన సంగతే. బకాలాలో, అంటే కిరాణా కొట్టులో, రొట్టె కొనడానికి వెళ్తే కౌంటర్ వెనక గోడకి పాలకుల పటాలు కనిపిస్తాయి. కొట్టు మలయాళీది కావచ్చు, బంగ్లాదేశ్‌వాళ్లది కావచ్చు, పటాలు మాత్రం ఉంటాయి. సౌదీలో మామూలుగా మూడు: దేశాన్ని స్థాపించిన అబ్దుల్ అజీజ్, ఇప్పటి రాజు సల్మాన్, ఆయన కొడుకు, యువరాజు మహమ్మద్ బిన్ సల్మాన్. ఓ పదిహేనేళ్ల కిందట అదే గోడమీద రాజు అబ్దుల్లా, ఆయన సవతి తమ్ముడు సుల్తాన్ ఉండేవారు. అన్నదమ్ముల పటాలు దిగి, తండ్రీకొడుకుల పటాలు ఎక్కాయి. అరబ్ రాజరికాల్లో ఈ యాభై అరవై ఏళ్లలో వచ్చిన మార్పు గురించి ఎవరడిగినా నేను ముందు ఆ గోడనే గుర్తు చేస్తాను.

రాజులున్న అరబ్ దేశాలు ఇప్పుడెన్ని?

ఎనిమిది. సౌదీ అరేబియా, కువైట్, బహ్రెయిన్, ఖతార్, యూఏఈ, ఒమన్ గల్ఫ్ వైపు. జోర్డాన్, మొరాకో దూరంగా. ఒకప్పుడు ఇంకా ఉండేవి. ఈజిప్టులో 1952లో సైనికాధికారులు ఫారూక్ రాజును ఓడెక్కించి పంపేశారు. 1957లో ట్యునీషియా, 1958లో ఇరాక్, 1962లో ఉత్తర యెమెన్, 1969లో లిబియా అదే దారి పట్టాయి. ఇరాక్‌లో అయితే కుర్ర రాజు రెండో ఫైసల్‌నీ కుటుంబాన్నీ కాల్చి చంపారు. మిగిలిన రాజులందరూ ఆ ఇరవై ఏళ్ల భయంలోంచి బయటపడ్డవాళ్లు. వాళ్ల ప్రవర్తన అర్థం కావాలంటే ఈ సంగతి మరిచిపోకూడదు.

రాజు, అమీర్, సుల్తాన్, షేక్... ఈ బిరుదుల్లో తేడా ఉందా?

అధికారంలో పెద్ద తేడా లేదు, అర్థంలో ఉంది. బిరుదు మార్చారంటే పాలన తీరు మార్చబోతున్నారని లెక్క. మొరాకో పాలకుడు 1957 దాకా సుల్తాన్. స్వాతంత్ర్యం వచ్చిన మరుసటి ఏడాది, పాత వాసన పోవాలని రాజు అయ్యాడు. బహ్రెయిన్ అమీర్ 2002 ఫిబ్రవరి 14న తనను తాను రాజుగా ప్రకటించుకున్నాడు. సౌదీ రాజు ఫహద్ దీనికి తిరగేసి చేశాడు. 1986లో ‘హిజ్ మెజెస్టీ’ని పక్కన పెట్టి ‘రెండు పవిత్ర మసీదుల సేవకుడు’ అనే బిరుదు తీసుకున్నాడు. మక్కాలో 1979లో సాయుధులు పెద్ద మసీదును రెండు వారాలపాటు పట్టుకున్నారు. ఇరాన్‌లో విప్లవం వచ్చి రాజును తరిమేసింది. ఆ రెండు దెబ్బల తర్వాత ఘనత చెప్పుకునే బిరుదు కన్నా వినయం కనబరిచే బిరుదే ఎక్కువ రక్షణ అనుకున్నట్టున్నాడు.

ఇవి పురాతనమైన రాజ్యాలేనా?

కుటుంబాలు పాతవి, రాజ్యాలు కొత్తవి. మొరాకో అలవీ వంశం 17వ శతాబ్దం నుంచి, ఒమన్ అల్ బుసయీద్ వంశం 18వ శతాబ్దం నుంచి ఏలుతున్నాయి. సౌదీ అరేబియా ఆ పేరుతో వెలిసింది 1932లో. జోర్డాన్‌ని బ్రిటిష్‌వాళ్లు 1921లో ఎమిరేట్‌గా నిలబెట్టారు. యూఏఈ పుట్టింది 1971 డిసెంబర్ 2న. వయసులో మన దేశం కన్నా చిన్నది.

గల్ఫ్ షేక్‌లకి పైన బ్రిటిష్ ‘రెసిడెంట్’ ఉండేవాడు. 1947 దాకా ఆయన జవాబు చెప్పుకున్నది భారతదేశంలోని బ్రిటిష్ సర్కారుకే. మన రూపాయే అక్కడ చెల్లేది. 1959లో రిజర్వ్ బ్యాంక్ గల్ఫ్ కోసం ప్రత్యేకంగా రూపాయి నోట్లు అచ్చేసింది కూడా. ఒమన్‌లో అవి 1970 వరకు నడిచాయి. ఇవాళ రియాలు మారకం రేటు చూసుకుని ఇంటికి డబ్బు పంపేవాళ్లకి ఇది వింతగానే ఉంటుంది.

మజ్లిస్ అంటారు కదా, అక్కడ నిజంగా ఏం జరిగేది?

మజ్లిస్ అంటే కూర్చునే చోటు. పొడవాటి గది, గోడల వెంట దిండ్లో సోఫాలో, మధ్యలో ఖాళీ. పాలకుడు ఒక గోడ మధ్యలో కూర్చుంటాడు, ఎత్తైన గద్దె ఉండదు. లోపలికి వచ్చినవాడు సలాం చెప్పి, కుడి నుంచి వరసగా చేతులు కలుపుతూ వచ్చి ఎక్కడో ఒకచోట సర్దుకుంటాడు. ఒకడు ఇత్తడి ముక్కు కూజాతో యాలకులు వేసిన కాఫీ పోస్తూ తిరుగుతాడు. కప్పు అరచేతిలో ఇమిడేంత. చాలనుకుంటే దాన్ని అటూ ఇటూ ఊపాలి, లేకపోతే పోస్తూనే ఉంటాడు. సందు చూసుకుని ఒకాయన లేచి పాలకుడి చెవి దగ్గర వంగి విషయం చెబుతాడు. కొడుక్కి వైద్యం, పొలం గట్టు తగాదా, రావాల్సిన జీతం. చేతిలో మడిచిన కాగితం ఉంటుంది. దాన్ని పాలకుడు తీసుకుని వెనకనున్న గుమాస్తాకిస్తాడు.

అర్జీ, దర్బార్, ఫర్మానా అనే మాటలు మన నోట్లో ఇంకా ఉన్నాయి కాబట్టి తెలుగువాళ్లకి ఇది కొత్తేం కాదు. తేడా ఏమిటంటే అక్కడ రాజుని పేరు పెట్టి పిలవొచ్చు. ఎడారి సంచార తెగలకు చెందిన ముసలి బదూ ఒకడు వచ్చి ‘ఓ అబ్దుల్ అజీజ్!’ అని కేకేస్తే ఎవరూ తప్పు పట్టేవారు కారు.

ఈ చేరువలో ప్రమాదమూ ఉంది. 1975 మార్చి 25న సౌదీ రాజు ఫైసల్ రియాద్‌లో అతిథుల్ని కలుస్తుండగా సవతి తమ్ముడి కొడుకే వచ్చి తుపాకీతో కాల్చి చంపాడు. తలుపులు తెరిచి ఉంచే ఆనవాయితీ ఆ రోజుతో ఆగిపోలేదు గానీ, రాజుకీ అర్జీదారుకీ మధ్య నిలబడే మనుషులు పెరిగారు.

కువైట్‌లో దీని తోబుట్టువు దివానియా. అక్కడ పాలకుడికే కాదు, ప్రతి పెద్ద కుటుంబానికీ ఒకటి ఉంటుంది. మగవాళ్లు రాత్రిళ్లు చేరి టీ తాగుతూ లోకం సంగతులు మాట్లాడుకుంటారు. 1986లో పార్లమెంటును అమీర్ రద్దు చేశాక, 1989 చివర్లో మాజీ సభ్యులు సోమవారం సోమవారం ఒక్కో దివానియాలో సభ పెట్టారు. వందలూ వేలూ జనం వచ్చారు. ఇంట్లో టీ పార్టీని పోలీసులు ఎలా ఆపాలో తెలియక తికమకపడ్డారు. పాలకులకి పునాదైన ఆచారమే వాళ్లకి ఎదురు తిరిగిన సందర్భం అది.

పాతకాలంలో అంతా రాజు ఇష్టమేనా?

బయటికి అలాగే కనిపించేది. లోపల కాదు. సౌదీలో రాజు అన్నదమ్ములందరికీ పెద్దన్న మాత్రమే. 1953లో గద్దెక్కిన సౌద్ దుబారా చేసి ఖజానా ఖాళీ చేశాడని తమ్ముళ్లు గుర్రుగా ఉండేవారు. 1964లో కుటుంబ పెద్దలు కూర్చుని ఆయన్ను దించాలని తేల్చారు, మతపండితులైన ఉలేమాలు ఫత్వా ఇచ్చారు, ఫైసల్ రాజయ్యాడు. సౌద్ దేశం విడిచి వెళ్లిపోయి పరాయి గడ్డమీదే చనిపోయాడు. రాజుని దించగలిగే శక్తి అప్పట్లో కుటుంబానికి ఉందన్నమాట.

ఆ తర్వాత ఒక్కో శాఖ ఒక్కో సోదరుడి జాగీరు అయింది. 1960ల నుంచి నేషనల్ గార్డ్ అబ్దుల్లాది, రక్షణ శాఖ సుల్తాన్‌ది. 1975 నుంచి హోంశాఖ నాయెఫ్‌ది. విదేశాంగం ఫైసల్ కొడుకు సౌద్ చేతిలో అచ్చంగా నలభై ఏళ్లుంది. ఎవరి సైన్యం వాళ్లది, ఎవరి గూఢచారులు వాళ్లకి. ఏ పనికైనా అందరూ ఊ అనాలి, అందుకే ఏదీ త్వరగా తేలేది కాదు. జనానికి ఇందులో ఓటు లేదు. కానీ ఒక అన్న తలుపు మూసుకుంటే ఇంకో అన్న తలుపు తట్టే వీలుండేది. ఈ రెండో సంగతిని ఇప్పుడు రాసేవాళ్లు చాలామంది వదిలేస్తారు.

అన్నదమ్ముల వరస తండ్రీకొడుకుల వరసగా ఎప్పుడు మారింది?

ఒక్కసారిగా కాదు, కానీ చూస్తుండగానే మారింది.

ముందు జోర్డాన్. రాజు హుస్సేన్ తమ్ముడు హసన్ 1965 నుంచి యువరాజు. ముప్ఫై నాలుగేళ్లు ఎదురుచూశాడు. 1999 జనవరిలో, క్యాన్సర్‌తో చావుకి రెండు వారాల దూరంలో ఉన్న రాజు అమెరికా ఆసుపత్రి నుంచి వచ్చి, తమ్ముణ్ని తప్పించి కొడుకు అబ్దుల్లాను పెట్టాడు. ఆ అబ్దుల్లా తన సవతి తమ్ముడు హంజాని 2004లో తప్పించి, 2009లో సొంత కొడుకుని యువరాజుని చేశాడు. 2021 ఏప్రిల్‌లో హంజాని గృహనిర్బంధంలో పెట్టారన్న వార్త ప్రపంచమంతా తిరిగింది.

సౌదీలో 2006లో అబ్దుల్లా రాజు ‘బైఅత్ మండలి’ ఏర్పాటు చేశాడు. బైఅత్ అంటే పాలకుడికి విధేయత ప్రమాణం. అబ్దుల్ అజీజ్ కొడుకులూ, చనిపోయినవారి తరఫున మనవలూ సభ్యులు. వారసుణ్ని కుటుంబమంతా కలిసి ఎంచుకోవాలని ఉద్దేశం. 2015 జనవరిలో సల్మాన్ గద్దెక్కాక మూడు నెలలకే యువరాజు ముఖ్రిన్‌ను తప్పించారు, మహమ్మద్ బిన్ నాయెఫ్ వచ్చాడు. 2017 జూన్‌లో ఆయన్నీ తప్పించారు. కొత్త యువరాజు రాజుగారి కొడుకు, వయసు 31. మండలిలో 34 మందికి 31 మంది ఒప్పుకున్నారని ప్రకటించారు.

ఆ రోజు టీవీలో వేసిన దృశ్యం చాలాసార్లు చూశాను. గదిలో చుట్టూ మనుషులు. కొత్త యువరాజు ఒక మోకాలు నేలకి ఆనించి పాత యువరాజు చేతిని ముద్దు పెట్టుకుంటాడు. ఆయన ఈయన భుజం తట్టి నాలుగు మాటలంటాడు. బైఅత్ మర్యాద ఒక్క అక్షరం తప్పకుండా జరిగింది. మూడేళ్లు తిరక్కుండా, 2020 మార్చిలో, ఆ పెద్దాయన్ను నిర్బంధించారు. పాత ఆచారాన్ని తు.చ. తప్పకుండా పాటిస్తూనే దాని ప్రాణం తీసేయడం ఎలాగో ఆ నిమిషం వీడియో చూస్తే తెలుస్తుంది.

ఒమన్‌లో కథ వేరే. సుల్తాన్ ఖాబూస్‌కి పిల్లల్లేరు, యువరాజుని ప్రకటించలేదు. పేరు కాగితం మీద రాసి సీలు వేసిన కవర్లో దాచాడు. కుటుంబం మూడు రోజుల్లో ఎవరినీ ఎంచుకోలేకపోతేనే అది విప్పాలి. 2020 జనవరి 10న ఆయన చనిపోతే కుటుంబం వాదులాటే పెట్టుకోలేదు. కవరు టీవీ కెమెరాల ముందు విప్పించి, అందులో ఉన్న హైతమ్ బిన్ తారిఖ్‌ను సుల్తాన్‌ని చేసింది. ఆ హైతమ్ ఏడాది తిరిగేసరికి రాజ్యాంగశాసనం మార్చి తన కొడుకుని యువరాజుని చేశాడు. కవర్ల కాలం అంతటితో సరి.

అబూదాబీలోనూ అంతే. 2022లో అన్న చనిపోయాక యూఏఈ అధ్యక్షుడైన మహమ్మద్ బిన్ జాయెద్, మరుసటి ఏడాది తమ్ముళ్లని దాటి కొడుకు ఖాలిద్‌ని అబూదాబీ యువరాజుగా ప్రకటించాడు.

ఖతార్‌లో కొడుకే తండ్రిని దించాడట కదా?

అవును, 1995 జూన్‌లో. అమీర్ ఖలీఫా స్విట్జర్లాండ్‌లో ఉండగా కొడుకు హమద్ గద్దె లాక్కున్నాడు. ఖలీఫా కూడా 1972లో తన దాయాదిని అలాగే దించి వచ్చినవాడే. తర్వాత హమద్ ఈ ప్రాంతంలో అరుదైన పని చేశాడు. 2013లో, 61 ఏళ్ల వయసులో, తనంతట తనే దిగిపోయి 33 ఏళ్ల కొడుకు తమీమ్‌ని కూర్చోబెట్టాడు. తను చేసిన పని తన కొడుకు చేయాల్సిన అవసరం రాకుండా చూసుకున్నాడని అనుకోవచ్చు.

2017లో సౌదీ, యూఏఈ, బహ్రెయిన్, ఈజిప్టు కలిసి ఖతార్‌ని వెలివేసినప్పుడు తమీమ్ ముఖం నలుపు తెలుపు గీతల్లో కార్ల అద్దాలమీద, భవనాల మీద, ఫోన్ కవర్లమీద వెలిసింది. పటం గోడ దిగి వీధిన పడిందంటే అదే. 2022 డిసెంబర్ 18న లుసైల్ స్టేడియంలో ప్రపంచ కప్ ఎత్తబోతున్న మెస్సీకి ఆయన పల్చటి నల్ల బిష్త్ తొడిగాడు. బంగారు అంచు పైవస్త్రం అది. మన దగ్గర శాలువా కప్పినట్టు. బయటి దేశాల వ్యాఖ్యాతలు జెర్సీ దాచేశాడని గొణిగారు. అరబ్బులు మాత్రం పొంగిపోయారు.

రిట్జ్ కార్ల్‌టన్ హోటల్లో ఏం జరిగింది?

2017 నవంబర్ 4 రాత్రి రియాద్‌లోని ఆ హోటల్ చెరసాలగా మారింది. రాజకుమారులు, మంత్రులు, కోటీశ్వర వ్యాపారులు లోపల. నేషనల్ గార్డ్ అధిపతి, దివంగత రాజు అబ్దుల్లా కొడుకు ముతైబ్ వాళ్లలో ఒకడు. అవినీతిపై పోరు అన్నారు. 381 మందిని పిలిపించామనీ, 87 మందితో రాజీ కుదిరిందనీ, 400 బిలియన్ రియాళ్లకు పైగా వసూలయిందనీ 2019 జనవరిలో సర్కారే ప్రకటించింది. బహిరంగ విచారణ లేదు, తీర్పు లేదు.

అవినీతి లేదని ఎవరూ అనరు. కానీ ఆ రాత్రి తేలిన అసలు లెక్క వేరే. సైన్యం, జాతీయ గార్డ్, పోలీసు, మూడు కొమ్మలూ ఒక్క చేతికి వచ్చేశాయి. అన్నదమ్ముల జాగీర్లు రద్దయ్యాయి. తలుపు తట్టడానికి ఇంకో అన్న మిగల్లేదు.

కొత్త పాలకులు సంస్కర్తలా, నియంతలా?

ఈ ప్రశ్నే తప్పు కొలతతో వచ్చింది. రెండూ ఒకే మనిషి చేస్తాడు, ఒకే నెలలో చేస్తాడు. సౌదీలో 2018 జూన్ 24న ఆడవాళ్లు కారు నడపడానికి అనుమతి వచ్చింది. అంతకు కొన్ని వారాల ముందు, మే నెలలో, అదే హక్కు కావాలని ఏళ్లుగా అడిగిన లుజైన్ అల్ హత్‌లూల్ వంటి మహిళల్ని అరెస్టు చేశారు. హక్కు ఇస్తాం, కానీ మీరు అడిగారని ఇచ్చినట్టు కనిపించకూడదు. ఇచ్చేవాడు ఒక్కడే ఉండాలి. అదే ఏడాది అక్టోబర్‌లో పాత్రికేయుడు జమాల్ ఖషోగ్జీని ఇస్తాంబుల్ కాన్సులేట్‌లో చంపేశారు. యువరాజు ఆమోదంతోనే జరిగిందని అమెరికా గూఢచార సంస్థలు 2021లో బయటపెట్టిన నివేదికలో అంచనా వేశాయి. సౌదీ ప్రభుత్వం దాన్ని తోసిపుచ్చింది.

ఖషోగ్జీ విప్లవకారుడు కాదు. పాత పద్ధతిలో రాచకుటుంబంలో ఒక కొమ్మ నీడన ఉంటూ రాసుకున్నవాడు. ఆ నీడ ఇచ్చే కొమ్మలే లేకుండా పోయాయి.

మతం సంగతేమిటి?

సౌదీ రాజ్యానికి ఇన్నాళ్లూ చెప్పుకున్న పుట్టుక 1744. ఆ ఏడాది దిరియా అనే ఊళ్లో మహమ్మద్ బిన్ సౌద్ అనే పాలకుడికీ, మహమ్మద్ బిన్ అబ్దుల్ వహాబ్ అనే మతబోధకుడికీ ఒప్పందం కుదిరింది. కత్తి ఒకరిది, గ్రంథం ఇంకొకరిది. 2022లో రాజశాసనం వచ్చింది: రాజ్య స్థాపన దినం 1727 ఫిబ్రవరి 22. అంటే మతబోధకుడు ఊళ్లోకి రాకముందే రాజ్యం ఉందని అర్థం. తారీకు పదిహేడేళ్లు వెనక్కి జరిపి రెండున్నర శతాబ్దాల పొత్తు నుంచి విడాకులు తీసుకున్నారు. దీనికి ముందే 2016లో మత పోలీసుల అరెస్టు అధికారాలు తీసేశారు. 2018లో ముప్ఫై ఐదేళ్ల పైచిలుకు విరామం తర్వాత సినిమా హాళ్లు తెరిచారు.

మొరాకోని అందరూ వేరుగా ఎందుకు చెబుతారు?

ఎందుకంటే అక్కడ రాజు రెండు వేషాలు కడతాడు, రెంటిలోనూ నెగ్గుకొస్తాడు.

ఫ్రెంచివాళ్లు 1953లో సుల్తాన్ ఐదో మహమ్మద్‌ని కోర్సికాకి, ఆ తర్వాత మడగాస్కర్‌కి పంపించారు. జనం డాబాల మీదకెక్కి చంద్రుడిలో ఆయన ముఖం కనిపిస్తోందని చెప్పుకున్నారు. 1955 నవంబర్‌లో తిరిగొచ్చేసరికి ఆయన స్వాతంత్ర్య వీరుడు. కొడుకు రెండో హసన్ (1961–1999) భయంతో ఏలాడు. 1971 జూలైలో స్కిరాత్ సముద్రతీర ప్రాసాదంలో ఆయన పుట్టినరోజు విందు జరుగుతుండగా సైనిక విద్యార్థులు చొరబడి అతిథుల్ని కాల్చారు. మరుసటి ఏడాది ఆగస్టులో ఆయన ప్రయాణిస్తున్న బోయింగ్‌ని సొంత వాయుసేన విమానాలే ఆకాశంలో కాల్చాయి. రెండుసార్లూ బతికాడు. జనానికి అది ‘బరక’, అంటే దైవానుగ్రహం. ఎదిరించినవాళ్లకి తజ్మమర్త్ అనే ఎడారి జైలు. అలాంటి జైలే లేదని సర్కారు ఏళ్ల తరబడి బొంకింది. మొరాకోవాళ్లు ఆ కాలాన్ని ‘సీసపు ఏళ్లు’ అంటారు.

ఆరో మహమ్మద్ 1999లో వచ్చి నాలుగు నెలల్లో తండ్రిగారి హోంమంత్రి ద్రిస్ బస్రీని ఇంటికి పంపాడు. రెండు దశాబ్దాలు దేశాన్ని గుప్పిట పెట్టుకున్న మనిషి అతను. 2004లో కుటుంబచట్టం మార్చి ఆడపిల్లల పెళ్లి వయసు 15 నుంచి 18కి పెంచాడు. పాత అత్యాచారాల మీద విచారణ సంఘం వేశాడు. బాధితులు టీవీలో కూర్చుని తమ గోడు చెప్పుకున్నారు, కానీ హింసించినవాళ్ల పేర్లు చెప్పకూడదన్నది షరతు.

మొరాకో కొట్లలో పటాలు గమ్మత్తుగా ఉంటాయి. ఒకచోట సూటు, ఇంకోచోట జెల్లాబా అనే పొడవాటి అంగీ, మరోచోట టీ గ్లాసు పట్టుకుని. ప్రతి కొట్టువాడికీ తన రాజు తనకున్నాడు. కానీ ఏటా సింహాసన ఉత్సవాలకి బైఅత్ జరిగినప్పుడు ఆ ఆధునిక రాజు మామూలుగా గుర్రమెక్కి, గొడుగు నీడన వస్తాడు. తెల్ల జెల్లాబాలు, తలమీద ముసుగులు వేసుకున్న గవర్నర్లు, మేయర్లు వరసలు వరసలుగా ఎండలో వంగుతారు. వాళ్లలో పారిస్‌లో చదివిన ఇంజనీర్లుంటారు.

2011 రాజ్యాంగం రాజు ‘పవిత్రుడు’ అన్న మాట తీసేసింది. ‘విశ్వాసుల నాయకుడు’ అన్న బిరుదు మాత్రం ఉంచింది. ఎన్నికల్లో ముందున్న పార్టీ నుంచే ప్రధానిని నియమించాలి. సైన్యం, మతం, విదేశాంగం రాజువే. 2025 సెప్టెంబర్ చివర్లో ‘జెన్ జీ 212’ పేరుతో కుర్రాళ్లు వీధుల్లోకొచ్చి స్టేడియాలు కాదు, ఆసుపత్రులు కావాలన్నారు. ప్రభుత్వాన్ని బర్తరఫ్ చేయమని వాళ్లు రాసింది రాజుకే. డిస్కార్డ్ అనే చాటింగ్ యాప్‌లో కలుసుకున్న పిల్లలు చివరికి అర్జీ పెట్టారు.

2011 అరబ్ తిరుగుబాట్లలో అధ్యక్షులు పడిపోయారు, రాజులు పడిపోలేదు. ఎందుకు?

ఒక కారణం డబ్బు. కువైట్ ఆ ఏడాది మొదట్లో పౌరులకి తలా వెయ్యి దినార్లు, పధ్నాలుగు నెలల ఉచిత రేషన్ ప్రకటించింది. సౌదీ రాజు 130 బిలియన్ డాలర్ల దాకా విలువైన జీతాలూ ఇళ్లూ ప్రకటించాడు.

రెండోది, మంత్రివర్గాన్ని బలిచ్చి రాజుని కాపాడుకునే వీలు. అధ్యక్షుడికి ఆ వీలు లేదు, తప్పు తనమీదే పడుతుంది. జోర్డాన్‌లో ప్రధానులు మారుతూనే ఉంటారు.

మూడోది బహ్రెయిన్‌లో కనబడింది. ముత్యాల కూడలి దగ్గర ఫిబ్రవరి 14న మొదలైన ఆందోళన నెల తిరిగేసరికి అదుపు తప్పింది. మార్చి 14న సౌదీ, యూఏఈ బలగాలు వంతెన దాటి వచ్చాయి. 18న ఆ కూడలిలోని ముత్యపు స్తూపాన్నే కూల్చేశారు. జనం గుమిగూడిన గుర్తు ఊరి పటంలోనే లేకుండా పోయింది.

పార్లమెంటులు అసలున్నాయా?

పేరుకి చాలాచోట్ల. 2024 దాకా పళ్లుండేవి కువైట్‌లోనే. 1962 రాజ్యాంగం, 50 మంది ఎన్నికైన సభ్యులు, మంత్రుల్ని నిలదీసే హక్కు. 2006 జనవరిలో కొత్త అమీర్ సాద్ ప్రమాణం చేయలేనంత జబ్బుగా ఉంటే పార్లమెంటు ఓటేసి దించింది. అరబ్ దేశాల్లో అది అరుదైన రోజు. 2024 ఏప్రిల్‌లో ఎన్నికైన సభ మొదటిసారి కూర్చోకముందే, మే 10న అమీర్ మిషాల్ దాన్ని రద్దు చేసి, నాలుగేళ్ల దాకా కొన్ని రాజ్యాంగ అధికరణాల్ని నిలిపేశాడు. సభ పనులకి అడ్డం పడుతోందన్న విసుగు కువైట్‌వాళ్లలోనూ ఉండేది, అది నిజం. ఖతార్ 2021లో మొదటిసారి షూరా అనే సలహా సభకి ఎన్నికలు పెట్టి, 2024లో రెఫరెండం పెట్టి వాటిని ఎత్తేసింది.

రాజులు కంపెనీ సీఈవోల్లా మాట్లాడుతున్నారెందుకు?

నూనె శాశ్వతం కాదని తెలిసి. 2016 ఏప్రిల్‌లో ‘విజన్ 2030’ అనే ప్రణాళిక వచ్చాక సౌదీలో ప్రతి శాఖకీ లక్ష్యాలు, గడువులు, స్లైడ్లు. యూఏఈ 2016లో సంతోషానికి ఒక మంత్రినీ, 2017లో కృత్రిమ మేధకి ఇంకో మంత్రినీ పెట్టింది. సౌదీ 2018లో 5 శాతం వ్యాట్ వేసి, 2020లో దాన్ని 15 చేసింది. అందరినీ అడిగి చేసే పాత పద్ధతిలో ఇది జరిగే పని కాదు.

అయినా సీఈవో కోటు కింద షేకే ఉన్నాడు. దుబాయ్‌లో 828 మీటర్ల భవనం కట్టినన్నాళ్లూ దాని పేరు బుర్జ్ దుబాయ్. 2009 చివర్లో దుబాయ్ అప్పుల్లో మునిగితే అబూదాబీ పది బిలియన్ డాలర్లిచ్చి ఆదుకుంది. 2010 జనవరి 4న ప్రారంభోత్సవంలో తెర తీస్తే పేరు బుర్జ్ ఖలీఫా. అబూదాబీ పాలకుడి పేరు. అప్పుపత్రం కన్నా గట్టిగా రాసిపెట్టిన కృతజ్ఞత.

హైదరాబాద్‌కి వీటితో ఏమైనా సంబంధం ఉందా?

ఉంది, చాలామందికి తెలియదు. యెమెన్‌లోని హద్రమౌత్ నుంచి ఉమర్ బిన్ అవద్ అల్ ఖుఐతీ అనే ఆయన 19వ శతాబ్దం మొదట్లో వచ్చి నిజాం అరబ్బు పటాలంలో జమేదారు అయ్యాడు. ఇక్కడ సంపాదించిన డబ్బుతో ఆయన కొడుకులు అక్కడ షిహ్ర్, ముకల్లా రేవుల్ని గెలిచి రాజ్యం స్థాపించారు. ఆ సుల్తాన్లు నిజాం కొలువులో జమేదార్లుగానూ ఉంటూ, అక్కడ రాజ్యమూ ఏలారు. 1967లో విప్లవకారులు ఆ వంశాన్ని దించేశారు. అరబ్బు సిపాయిల వారసులు బార్కస్‌లో ఇప్పటికీ ఉన్నారు. బ్యారక్స్ అన్న మాటే అలా అరిగింది.

ఈ మార్పుల వల్ల అక్కడున్న మనవాళ్లకి ఏం ఒరిగింది?

కొంత ఒరిగింది. ఖతార్ 2020లో యజమాని అనుమతి లేకుండా పని మారే హక్కు ఇచ్చింది, 2021 మార్చి నుంచి వెయ్యి రియాళ్ల కనీస వేతనం అమలైంది. సౌదీ కూడా 2021లో కఫీల్ (వీసా పూచీదారు యజమాని) పట్టు కాస్త సడలించింది, కానీ ఇళ్లలో పనిచేసేవాళ్లనీ డ్రైవర్లనీ అందులో కలపలేదు. కువైట్‌లో ఇంటిపనికి వెళ్లే కడప, గోదావరి జిల్లాల ఆడవాళ్ల గతి ఇప్పటికీ ఎక్కువగా ఆ ఇంటి యజమానురాలి గుణాన్ని బట్టే ఉంటుంది. ఇఖామా, అంటే నివాస అనుమతి కాగితం, ఫోన్లోకి వచ్చింది. పాస్‌పోర్టు దాచుకునే కఫీళ్లు మాత్రం ఇంకా ఉన్నారు.

కాగితాల్లేక ‘ఖల్లివల్లి’ అయిపోయినవాళ్లకి ఇంటిదారి ఇప్పటికీ పాత పద్ధతిలోనే తెరుచుకుంటుంది. కువైట్ 2024 మార్చి 17 నుంచి జూన్ దాకా, యూఏఈ అదే ఏడాది సెప్టెంబర్ నుంచి డిసెంబర్ దాకా జరిమానా లేకుండా వెళ్లిపోనిచ్చాయి. కువైట్‌లో అది ప్రకటించింది రంజాన్ మాసంలో. మన పేపర్లు దీన్ని ‘క్షమాభిక్ష’ అని రాస్తాయి. జగిత్యాల, నిజామాబాద్ ఇళ్లలో ఆ వార్త వచ్చిన రోజు నుంచి ఫోన్లు మోగుతాయి: ఔట్‌పాస్‌కి (పాస్‌పోర్టు లేనివాళ్లు ఇంటికి రావడానికిచ్చే పత్రం) దరఖాస్తు పెట్టావా, ఫొటోలు తీయించావా, తారీకు ఎప్పటిదాకా. తారీకు దాటిపోయినవాడు మళ్లీ ఇంకో రంజాన్ కోసం చూస్తాడు.